కాలనీ స్థాయిలో అకాల మరణాలను తగ్గించడం ఎలా

మీరు కాలనీ సంక్షేమ సంఘంలో సభ్యులై ఉండవచ్చు, అపార్టుమెంటు కమిటీ బాధ్యతలు చూస్తూ ఉండవచ్చు, లేదా బస్తీలో నలుగురూ మాట వినే మనిషై ఉండవచ్చు. మీకు వైద్య విద్య లేకపోయినా ఫరవాలేదు. రెండు వందల ఇళ్లున్న చోట, ఆపగలిగిన చావులను ఆపడానికి మీ వంటివారు చేయగలిగినది చాలా ఉంది. ఆ పనులను ఏ వరుసలో, ఏ పద్ధతిలో చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను. మన దేశంలో సంభవిస్తున్న మరణాల్లో అరవై శాతానికి పైగా గుండెజబ్బులు, పక్షవాతం, దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బులు, క్యాన్సర్లు, మధుమేహం వంటి అంటని జబ్బుల వల్లే జరుగుతున్నాయి. వీటిలో చాలావరకు ఏళ్ల తరబడి ఏ బాధా కలిగించకుండా ఒంట్లో పెరుగుతాయి కనుక, మనిషి ఆసుపత్రి గడప తొక్కేసరికే ఆలస్యం జరిగిపోయి ఉంటుంది. అందుకే బాధ లేనప్పుడే కొలవాలి, కొలిచినదాన్ని రాసి పెట్టుకోవాలి, రాసినదాన్ని మళ్లీ మళ్లీ చూసుకోవాలి. మిగిలిన పనులన్నీ ఈ మూడింటి మీదే ఆధారపడి ఉన్నాయి.

ముందుగా, మీ దగ్గర ఏం జరిగిందో తెలుసుకోండి

గత అయిదేళ్లలో మీ కాలనీలో డెబ్బై ఏళ్లు నిండకుండా చనిపోయినవారు ఎవరు, ఏ వయసులో, ఏ కారణంతో పోయారు అన్నది ఒక పుస్తకంలో రాయండి. ఈ సమాచారం అడగడానికి వెళ్లేది ఆ ఇంటివారికి బాగా తెలిసిన పెద్ద మనిషి అయితే మంచిది. పలకరింపు ముందు, ప్రశ్న తరువాత. "గుండె ఆగిపోయింది" అన్న జవాబుతో ఆగిపోకండి, ఎందుకంటే ఏ కారణంతో పోయినా చివరికి ఆగేది గుండే. అంతకుముందు ఆయనకు బీపీ ఉండేదా, ఉంటే మాత్రలు వేసుకునేవారా, మధ్యలో మానేశారా, ఛాతీలో నొప్పి మొదలైన తరువాత ఎంతసేపటికి బయలుదేరారు, మొదట ఏ ఆసుపత్రికి వెళ్లి అక్కడి నుంచి ఎక్కడికి మార్చారు అని నెమ్మదిగా అడగండి. పది పన్నెండు ఇళ్ల వివరాలు చేరేసరికి మీ కాలనీకి ఏది ముఖ్యమో మీకే కనిపిస్తుంది. ఒక చోట మానేసిన బీపీ మాత్రలు కనిపిస్తాయి, మరొక చోట హెల్మెట్టు లేని బండి ప్రయాణాలు, ఇంకొక చోట గుట్కా వల్ల వచ్చిన నోటి క్యాన్సరు. ఎవరో ఇచ్చిన జాబితా ప్రకారం కాకుండా, మీ పుస్తకం చెప్పిన వరుసలో పని మొదలుపెట్టండి.

రక్తపోటును సరిగ్గా కొలవండి

మీ పుస్తకం ఏం చెప్పినా, ఈ పని మాత్రం ప్రతి కాలనీలోనూ ముందు వరుసలో ఉండవలసిందే. గుండెపోటుకు, పక్షవాతానికి, మూత్రపిండాలు చెడిపోవడానికి రక్తపోటు ఉమ్మడి కారణం. దాన్ని కనిపెట్టడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ, తగ్గించడానికి వాడే మాత్రలు చవకైనవి. 2017 చివరలో రక్తపోటు నియంత్రణకు దేశంలో ప్రత్యేక కార్యక్రమం మొదలైనప్పుడు తొలి అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ కూడా ఉంది. ముప్ఫై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగరు పరీక్షించాలన్నది ప్రభుత్వ కార్యక్రమంలో ఉన్న నియమమే. హైదరాబాదు నగరంలో 2018 నుంచి నడుస్తున్న బస్తీ దవాఖానాల్లో వైద్యుడు, నర్సు ఉంటారు, పరీక్ష ఉచితం, మందులు ఉచితం. దవాఖానా అందుబాటులోనే ఉంది. ఒంట్లో బాధ లేని మనిషిని అక్కడిదాకా నడిపించడమే కష్టం, ఆ పని మీది.

దండ చేతికి కట్టే ఎలక్ట్రానిక్ బీపీ మిషను ఒకటి కాలనీ డబ్బుతో కొనండి. మణికట్టుకు కట్టేవి అంతగా నమ్మదగినవి కావు. పట్టీ రెండు కొలతల్లో తీసుకోవాలి, ఎందుకంటే లావు చేతికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ కనిపిస్తుంది. ఇక కొలిచే విధానం దగ్గర చాలామంది తొందరపడతారు. మెట్లెక్కి వచ్చిన మనిషిని అప్పుడే కూర్చోబెట్టి, రవిక చేతుల మీదుగానే పట్టీ చుట్టి, "ఏమ్మా, పిల్లలెట్లున్నరు?" అని మాట కలుపుతూ మీట నొక్కితే వచ్చే అంకె ఆమె రక్తపోటు కాదు. కొలతకు అరగంట ముందు నుంచి ఛాయ్, సిగరెట్టు ఉండకూడదు. మూత్రానికి వెళ్లి రావాలి. వీపుకు ఆనుడున్న కుర్చీలో, కాళ్లు రెండూ నేల మీద ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా అయిదు నిమిషాలు మౌనంగా కూర్చోవాలి. చేతిని బల్ల మీద, గుండె ఎత్తులో ఉంచి, బట్ట తొలగించి, మోచేతి మడతకు రెండు వేళ్ల పైన పట్టీ అంచు వచ్చేలా చుట్టాలి. కొలిచేవారూ కొలిపించుకునేవారూ ఇద్దరూ మాట్లాడకూడదు. మాట్లాడడం, చేయి వేలాడేసి ఉంచడం, మూత్రం బిగబట్టడం వంటి ఒక్కొక్క పొరపాటూ అంకెను పది దాకా పెంచగలదు. ఒకటి రెండు నిమిషాల తేడాతో రెండుసార్లు కొలిచి, రెండూ రాయండి.

పై అంకె 140 గానీ కింది అంకె 90 గానీ, లేదా అంతకు మించి గానీ వస్తే మరొక రోజు మళ్లీ కొలవండి. రెండో రోజూ అలాగే ఉంటే ఆ వ్యక్తిని బస్తీ దవాఖానాకు పంపండి, వీలైతే మీరే వెంట వెళ్లండి. 180, 110 దాటితే మాత్రం వాయిదా వద్దు, ఆ రోజే వైద్యుడు చూడాలి. దానితోపాటు ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబాటు, చూపు మసక ఉంటే 108కి ఫోను చేయాలి. మాత్ర పేరు, మోతాదు నిర్ణయించేది వైద్యుడే. పక్కింటివారికి పని చేసిన మాత్రను మీ రిజిస్టరు చూసి ఎవరికీ సూచించకండి.

ఆదివారం బ్యానరు కట్టి, షామియానా వేసి, ఒక్క పూటలో మూడు వందల మందికి బీపీ చూసి ఫోటోలు దిగే శిబిరాల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. ఎక్కువ వచ్చినవారిని మళ్లీ పిలిచేవారు లేకపోతే ఆ పూట శ్రమ వృథా. దానికి బదులు వారానికి పదిహేను మంది చొప్పున, ఒకే చోట, ఒకే సమయానికి, ఒకే మనిషి కొలిస్తే ఆరు నెలల్లో కాలనీ అంతా పూర్తవుతుంది, ఎవరూ జారిపోరు.

రిజిస్టరులో ఇంటి నంబరు, వయసు, కొలిచిన తేదీ, అంకెలు, మాత్రలు ఏ తేదీ వరకు ఉన్నాయన్న వివరం చాలు. ఈ చివరి గడి అన్నిటికన్నా విలువైనది. మాత్రలు అయిపోయిన తరువాత "ఇప్పుడు బాగానే ఉంది కదా" అని మానేసేవారే ఎక్కువ. బీపీ మామూలుగా ఉండడానికి కారణం ఆ మాత్రే అని, మానేస్తే మళ్లీ పెరుగుతుందని ప్రతిసారీ చెప్పవలసిందే. ఈ పుస్తకం ఒక్కరి దగ్గరే ఉండాలి, తాళంలో ఉండాలి. కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎవరి అంకెలూ, ఎవరి జబ్బులూ పెట్టకూడదు. పెళ్లి సంబంధాల దగ్గర, అద్దె ఇళ్ల దగ్గర, ఉద్యోగాల దగ్గర ఆ సమాచారం మనుషులకు హాని చేస్తుంది. ఒక్కసారి నమ్మకం పోయిందంటే మరుసటి వారం పరీక్షకు ఎవరూ రారు.

షుగరు పరీక్షను కూడా దీనితోనే కలపండి. పరగడుపున 126 మిల్లీగ్రాములు, లేదా మూడు నెలల సగటు చూపే పరీక్షలో 6.5 శాతం, లేదా అంతకు మించి వస్తే మధుమేహం ఉన్నట్టు అనుకుని వైద్యుడి దగ్గర నిర్ధారించుకోవాలి. ముప్ఫై ఏళ్లు దాటినవారికి నోటి పరీక్ష, స్త్రీలకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు కూడా ప్రభుత్వ కార్యక్రమంలో ఉన్నాయి. వీటికోసం వచ్చే స్త్రీల పేర్లను మహిళలే రాసుకోవాలి, వారిని ఆశా కార్యకర్త వెంట పంపడం మేలు.

ఉప్పు, నూనె పొట్లాల మీద తేదీ వేయించండి

"ఉప్పు తగ్గించండి" అన్న సలహా ఎవరినీ మార్చదు, ఎందుకంటే ఎవరి నోటికి వారి ఉప్పు సరిపోయినట్టే ఉంటుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం ఒక మనిషికి రోజుకు అన్ని రూపాల్లోనూ కలిపి 5 గ్రాముల ఉప్పు మించకూడదు. నలుగురున్న ఇంట్లో అది రోజుకు 20 గ్రాములు, నెలకు 600 గ్రాములు. అంటే కిలో ఉప్పు పొట్లం యాభై రోజులు రావాలి. పొట్లం విప్పిన రోజు తేదీని దాని మీదే పెన్నుతో రాయమని ఇంటింటికీ చెప్పండి. నెల తిరగకముందే కొత్త పొట్లం విప్పవలసి వస్తే ఆ ఇంట్లో ఉప్పు ఎక్కువైనట్టే.

అయితే లెక్క అక్కడితో పూర్తికాదు. ఎండాకాలంలో ఆవకాయకు కొన్న రాళ్లుప్పు ఆ పొట్లంలో లేదు. అప్పడాలు, వడియాలు, చల్ల మిరపకాయలు, బేకరీ నుంచి తెచ్చే ఖారా బిస్కెట్లు, సాయంత్రం మిర్చి బజ్జీ, బయటి నుంచి వచ్చే బిర్యానీ కూడా లేవు. పచ్చడి మానేయమని చెబితే మన ఇళ్లలో వినేవారు లేరు, ఆ మాట చెప్పవలసిన అవసరమూ లేదు. పచ్చడి వేసుకున్న పూట పప్పులో, కూరలో ఉప్పు తగ్గించాలి, పెరుగన్నంలో విడిగా ఉప్పు కలుపుకోవడం ఆపాలి, భోజనాల బల్ల మీది ఉప్పు డబ్బాను వంటింట్లోకి పంపాలి. రెండు మూడు వారాల్లో నాలుక ఆ తక్కువ ఉప్పుకు అలవాటు పడుతుంది. పొటాషియం కలిపిన తక్కువ సోడియం ఉప్పు మార్కెట్టులో దొరుకుతోంది. మూత్రపిండాల జబ్బున్నవారు, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవారు వైద్యుణ్ణి అడగకుండా దాన్ని వాడకూడదు.

నూనెకూ ఇదే పద్ధతి. పోషకాహార సంస్థ చూపిన నమూనా భోజనంలో మనిషికి రోజుకు 27 గ్రాముల నూనె ఉంది, అంటే నెలకు లీటరుకు లోపు. నలుగురికి నెలకు మూడున్నర లీటర్లు దాటితే వేపుళ్లు ఎన్ని రోజులు చేస్తున్నారో చూసుకోవాలి. ఒకసారి మరిగించిన నూనెను మళ్లీ మళ్లీ వేపుళ్లకు వాడడం ఆపాలి.

పొగాకు విషయంలో మీరు చేయగలిగినది సూటిగా ఉంటుంది. మానాలనుకునేవారికి 1800-112-356 అనే ఉచిత నంబరు ఇవ్వండి, మొదటి వారం రోజూ పలకరించండి, బడి దగ్గరి దుకాణంలో పొగాకు అమ్మకం ఉంటే లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

నీటి పైపును, సంపును చూడండి

2009 మే నెలలో భోలక్‌పూర్‌లో తాగునీటిలో మురుగు కలిసి, అతిసారం ప్రబలి, ప్రాణాలు పోయాయి. అది ఎలా జరుగుతుందో అర్థం చేసుకుంటే మీ వీధిలో అటువంటిది రాకుండా చూసుకోవచ్చు. మన నగరంలో నీళ్లు రోజంతా రావు. నీళ్లు ఆగిన తరువాత పైపులో ఒత్తిడి పడిపోతుంది. పక్కనే మురుగు కాలువ ఉండి, పైపుకు ఎక్కడైనా చిల్లు ఉంటే, ఆ మురుగు లోపలికి చేరుతుంది. నల్లాకు నేరుగా మోటారు బిగించి లాగేవారు ఈ ప్రమాదాన్ని ఇంకా పెంచుతారు, ఆ మోటారు నీళ్లతోపాటు మురుగును కూడా పైపులోకి పీలుస్తుంది. కాబట్టి మోటార్లు తీయించడం కేవలం నీటి వాటా తగవు కాదు, అది ఆరోగ్య రక్షణ.

నగరానికి నీళ్లిచ్చే జలమండలి ఆ నీటిలో క్లోరిన్ కలుపుతుంది. అది మీ నల్లా దాకా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. దీన్ని చూడడానికి చిన్న పరీక్ష పెట్టె దొరుకుతుంది. గాజు గొట్టంలో నల్లా నీరు పోసి, ద్రావణం చుక్కలు వేస్తే నీరు లేత పసుపు రంగుకు తిరుగుతుంది. ఆ రంగును పక్కన ఉన్న రంగుల పట్టీతో పోల్చాలి. రంగు మారకపోతే క్లోరిన్ లేనట్టే, అంటే దారిలో ఏదో కలిసి దాన్ని తినేసి ఉండవచ్చు. ఈ పరీక్షను వీధి మొదట్లో ఉన్న ఇంట్లో, చివరి ఇంట్లో రెండు చోట్లా వారానికొకసారి చేసి రాయండి. మొదటి ఇంట్లో పసుపు వచ్చి చివరి ఇంట్లో రాకపోతే లీకేజీ ఆ మధ్యలో ఉండే అవకాశం ఎక్కువ. ఆ వివరంతో జలమండలి నంబరు 155313కి ఫోను చేస్తే, "నీళ్లు బాగా లేవు" అన్న మాటకన్నా మీ ఫిర్యాదుకు బలం ఉంటుంది. వాసన, రంగు మారితే ఆ రోజు నుంచే తాగే నీటిని తెర్ల కాచుకోమని ఇంటింటికీ చెప్పండి.

సంపు, పైన ట్యాంకు ఆరు నెలలకొకసారి గోడలు రుద్ది కడిగించాలి. సంపులోకి మనిషి దిగేటప్పుడు మూత చాలాసేపు తెరిచి ఉంచాలి, పైన మరొకరు కాపలా ఉండాలి. ట్యాంకరు నీళ్లు, బోరు నీళ్లు పోయించుకునేవారు వెయ్యి లీటర్లకు దాదాపు 2.5 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడరును బకెట్టులో కలిపి, సున్నం అడుగుకు దిగిన తరువాత పైతేట మాత్రమే సంపులో పోసి, కనీసం గంట ఆగి వాడాలి.

దోమల పని కూడా ఈ సంపు దగ్గరే మొదలవుతుంది. మలేరియా క్రిమిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ చూసింది మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20న. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం ఇప్పటికీ ఉంది. డెంగీని మోసే దోమ మలేరియా దోమకన్నా వేరు, అది పగటిపూట కుడుతుంది, మురుగు కన్నా శుభ్రమైన నిలువ నీటినే ఇష్టపడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం నుంచి పది రోజులు పడుతుంది కనుక వారానికొకసారి నీళ్లు పారబోస్తే ఆ చక్రం తెగుతుంది. ఆదివారం పది గంటలకు పది నిమిషాలు అని నగరంలో ప్రచారం చేసిన పద్ధతికి ఆధారం ఇదే. కూలరు, ఫ్రిజ్ వెనుక పళ్లెం, మనీ ప్లాంట్ సీసా, పిట్టలకు పెట్టిన నీళ్ల గిన్నె, డాబా మీది పాత టైర్లు, మూత సరిగ్గా కూర్చోని సంపు, కట్టుబడిలో ఉన్న భవనం సెల్లారు, ఇవన్నీ చూడాలి. పారబోయడమే కాకుండా లోపలి అంచును రుద్దాలి, ఎందుకంటే గుడ్లు గోడకు అంటుకుని నెలల తరబడి ఎండి ఉండి, మళ్లీ నీరు తగలగానే పొదుగుతాయి. పొగ మిషను రావాలని అందరూ అడుగుతారు. అది ఎగిరే దోమను చంపుతుంది, నీటిలో ఉన్న పిల్ల పురుగును చంపదు. జ్వరం వచ్చినవారికి పారాసిటమాల్ తప్ప ఇతర నొప్పి మాత్రలు సొంతంగా ఇవ్వకూడదు. డెంగీలో జ్వరం తగ్గే రోజుల్లోనే ప్రమాదం మొదలవుతుంది. కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, బాగా నీరసం కనిపిస్తే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

దగ్గు, టీకాలు, కుక్క కాటు

రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికున్నా కఫం పరీక్ష చేయించాలి. క్షయకు పరీక్ష, మందులు ఉచితం, చికిత్స కాలంలో పోషకాహారానికి నెలకు 1,000 రూపాయలు వారి ఖాతాలో పడతాయి. పిల్లల టీకా కార్డులను ఏడాదికి రెండుసార్లు చూడండి. అద్దెకు కొత్తగా వచ్చినవారి పిల్లలు, భవన నిర్మాణ కూలీల పిల్లలే ఎక్కువగా తప్పిపోతారు కనుక వాళ్ల గుడిసెలకూ వెళ్లాలి. కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే టీకా మొదలుపెట్టాలి. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో, కోరంటి దవాఖానా అని మనం పిలిచే నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో ఈ టీకా ఇస్తారు. పసుపు, కారం, సున్నం గాయం మీద పెట్టనివ్వకండి.

ఆపద రాకముందే దారి రాసి పెట్టండి

మూతి వంకర పోవడం, ఒక చేయి లేవకపోవడం, మాట తడబడడం పక్షవాతం గుర్తులు. మెదడులో గడ్డను కరిగించే ఇంజెక్షనుకు నాలుగున్నర గంటల లోపే వీలుంటుంది, అదీ స్కానింగు చూసిన తరువాతే. కాబట్టి రాత్రింబవళ్లు సీటీ స్కానింగు, ఆ ఇంజెక్షను ఉన్న ఆసుపత్రి మీ కాలనీకి దగ్గరగా ఏదో ఇప్పుడే వెళ్లి కనుక్కోండి, గేటు దగ్గర కాగితం అంటించండి. లక్షణాలు మొదలైన సమయాన్ని రాసుకోవాలి. నోట్లో నీళ్లు పోయకూడదు, బీపీ మాత్ర వేయకూడదు. ఛాతీ బరువు, చెమటలు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి వస్తే "గ్యాస్" అని సోడా తాగించి కూర్చోకుండా 108ని పిలవాలి. 2005లో ఈ నగరంలోనే మొదలైన సేవ అది. మనిషి కుప్పకూలి, ఊపిరి ఆగిపోతే ఛాతీ నడుమ నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. వాచ్‌మన్‌కు, లిఫ్టు దగ్గర ఉండేవారికి కూడా ఇది నేర్పించండి, తొలి నిమిషంలో అక్కడ ఉండేది వాళ్లే. రోడ్డు మీద గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చినవారిని ఇబ్బంది పెట్టకుండా మోటారు వాహన చట్టం రక్షణ కల్పిస్తుంది, ఈ సంగతీ అందరికీ చెప్పండి. మనసు బాగా లేక బతుకు మీద విరక్తిగా మాట్లాడేవారిని ఒంటరిగా వదలకుండా 14416 నంబరులో టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోను సేవకు కలపండి.

ఏడాది చివర లెక్క చూడండి

ఎన్ని పరీక్షలు చేశారన్నది లెక్క కాదు. బీపీ ఉందని తేలినవారిలో గత మూడు నెలల్లో 140, 90 కన్నా తక్కువకు వచ్చినవారు ఎంతమందో చూడాలి. సగం కూడా లేకపోతే కారణం మూడు చోట్ల వెతకండి. మాత్రలు మధ్యలో ఆగుతున్నాయా, వేసుకుంటున్నా మోతాదు చాలడం లేదా, అసలు దవాఖానాకు మొదటిసారి కూడా వెళ్లలేదా? మొదటిదానికి నెలకొక రోజు అందరి మాత్రలూ ఒకేసారి తెచ్చే ఏర్పాటు, రెండోదానికి కొలిచిన అంకెలు రాసిన కాగితంతో వెళ్లి వైద్యుడితో మాట్లాడడం, మూడోదానికి ఇంటికి వెళ్లి వెంట తీసుకువెళ్లడం అవసరం. పేర్లు తీసేసి, అంకెలు మాత్రం ఒక పేజీలో రాసి, బస్తీ దవాఖానా వైద్యుడికీ వార్డు కార్యాలయానికీ ఇవ్వండి. క్లోరిన్ రాని వారాల తేదీలనూ, దోమ పిల్లలు దొరికిన చోట్లనూ అందులోనే చేర్చండి. మీ పక్క కాలనీవారు అడిగితే ఖాళీ రిజిస్టరు నమూనా ఒకటి జిరాక్సు తీసి ఇవ్వండి.